రాజోలు నుంచి భీమవరం రోజూ తిరగాలి, సుఖమైన క్రూయిజర్ బండి ఏది?

చించినాడ_దారి | రాజోలు

అందరికీ నమస్కారమండి. కాపురం రాజోలు దగ్గర పల్లెటూళ్ళో, ఉద్యోగం భీమవరంలో. చించినాడ వంతెన దాటి దిగమర్రు, పాలకొల్లు, వీరవాసరం మీదుగా రోజూ వెళ్ళి రావాలి. ఇప్పుడున్నది 125 సీసీ బండి. ఇంజనుకి వంక పెట్టలేం, మైలేజీ బ్రహ్మాండం. సీటు మాత్రం సన్నం, గట్టి. సాయంత్రం బండి దిగేసరికి నడుము పట్టేసి ఉంటుంది.

వయసు 41, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. ఆదివారాలు మా ఆవిడతో అంతర్వేదో, అప్పనపల్లో వెళ్తుంటాం. అత్తారిది ద్రాక్షారామం, ముక్తేశ్వరం రేవులో పంటు (బండ్లని కూడా గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి కోటిపల్లిలో దిగి పోతాం. ఆవిడ చీరలో ఒక పక్కకే కూర్చుంటుంది.

కాళ్ళు ముందుకు చాపుకుని తాపీగా పోయే ఈ క్రూయిజర్ బండ్లంటే చిన్నప్పటి నుంచీ మోజు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, బజాజ్ అవెంజర్ క్రూజ్ 220 మనసులో ఉన్నాయి. ఆన్‌రోడ్ రెండున్నర లక్షలు దాటకూడదు. సంక్రాంతి లోపు తీసుకోవాలి. మన జిల్లాల రోడ్ల మీద రోజూ వాడేవాళ్ళు చెప్పండి. వీడియోల్లో వాళ్ళు ఖాళీ హైవే మీద తోలి చెప్పే మాటలు విని విని విసుగొచ్చింది.

బుల్లెట్_బాబాయ్ | భీమవరం

బుల్లెట్ కొనుక్కోవయ్యా, ఇందులో ఆలోచన దేనికి? కుడికాలితో గేర్లు వేసే రోజుల నుంచీ తోలుతున్నాను, నా నడుము నిక్షేపంగా ఉంది.

తణుకు_220 | తణుకు

బాబాయ్ గారూ, మీ నడుము సంగతి పిన్నిగారిని అడిగితే తెలుస్తుంది.

తమ్ముడూ, నాది అవెంజర్. కొన్నాళ్ళ మోజు కాదు, చాలా ఏళ్ళుగా ఇదే బండి. దీని వంశం చాలామందికి తెలియదు. 2001లో బజాజ్ వాళ్ళు కవాసాకీతో కలిసి ఎలిమినేటర్ అని 175 సీసీ బండి తెచ్చారు. ఖరీదెక్కువని జనం కొనలేదు. అదే ఆకారాన్ని ఉంచుకుని 2005లో 180 సీసీ ఇంజనుతో అవెంజర్ దించారు. మామూలు జీతగాడు కొనగలిగే క్రూయిజర్ మన దగ్గర అప్పుడే జనంలోకి వచ్చింది.

నీ ఎత్తుకి దీన్ని మించింది లేదు. సీటు నేల నుంచి 737 మిల్లీమీటర్లే. రెండు పాదాలూ పూర్తిగా ఆనతాయి. బరువు 163 కిలోలు. సందులో వెనక్కి తోయాలన్నా, ఇంటి ముందు గట్టు ఎక్కించాలన్నా ఒక్కడివే చేసుకోవచ్చు. క్రూజ్ మోడల్‌కి ముందు గాలి అద్దం, వెనక కూర్చునేవాళ్ళకి వీపు దిండు కంపెనీ నుంచే వస్తాయి. స్పేర్లు తణుకులోనే కాదు, పెనుగొండలో కూడా దొరుకుతాయి. ఐదో గేరులో 60 మీద పెట్టి వదిలేస్తే సుబ్బరంగా పోతుంది.

గట్టుదారి | ముమ్మిడివరం

తణుకు అన్నయ్య చెప్పినవన్నీ నిజమే గానీ ఆయన ఎక్కువగా తోలేది 16వ నంబరు హైవే మీద. రావులపాలెం, సిద్ధాంతం, తాడేపల్లిగూడెం, అంతా నున్నటి నాలుగు వరసల రోడ్డు. అక్కడ ఏ క్రూయిజరైనా సుఖంగానే ఉంటుంది.

మన లంకల్లో, డెల్టా లోపల రోడ్లు వేరు. నేలంతా నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది. దాని మీద ఎంత బాగా తారు పోసినా రెండు వర్షాకాలాలు దాటేసరికి రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. కాలవ గట్టు మీది రోడ్లయితే అంచు ఒక పక్కకి జారిపోయి ఉంటుంది. చెరువుల మట్టి తోలే ట్రాక్టర్లు మిగతా పని పూర్తి చేస్తాయి.

ఇక్కడే క్రూయిజర్‌తో చిక్కు. మామూలు బండికి ఫుట్‌రెస్టులు మన కిందే ఉంటాయి. గుంట కనబడగానే పాదాల మీద బరువు వేసి సీటు మీంచి కొంచెం లేస్తాం. ఆ దెబ్బ మోకాళ్ళు తినేస్తాయి. కాళ్ళు ముందుకి చాపి కూర్చున్నప్పుడు అలా లేవడానికి వీల్లేదు. వెనక చక్రం గుంటలో పడ్డ దెబ్బ తిన్నగా వెన్నుకే వస్తుంది. పైగా సీటు కిందికి దించాలంటే వెనక షాకబ్జార్లు కదిలే చోటు తగ్గుతుంది. కాబట్టి షోరూములో ఎక్కి కూర్చుంటే కలిగే సుఖం వేరు, దిగమర్రు దాటాక ఉండే సుఖం వేరు.

తణుకు_220 | తణుకు

అంటే క్రూయిజర్లు కొన్నవాళ్ళందరికీ బుర్ర లేదంటావు. ఆయ్, అలాగే కానీ.

గట్టుదారి | ముమ్మిడివరం

బుర్ర గురించి నేనేం అనలేదండి, నడుము గురించి అన్నాను.

కాకినాడ_ఫిజియో | కాకినాడ

నేను ఫిజియోథెరపిస్టుని. మా క్లినిక్‌కి బండ్ల మీద తిరిగే ఉద్యోగులు చాలామంది వస్తారు. నడుము నొప్పి అనగానే అందరూ సీటు మెత్తదనం గురించే అడుగుతారు. అంతకంటే ముఖ్యం కూర్చునే తీరు.

కాళ్ళు బాగా ముందుకి చాపితే కటి భాగం వెనక్కి వాలుతుంది. అప్పుడు నడుము దగ్గర సహజంగా ఉండే లోపలి వంపు చదునైపోయి, వెన్నుపూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. పది నిమిషాలకైతే ఏమీ కాదు. రోజూ గంటల కొద్దీ అంటే తేడా తెలుస్తుంది. హ్యాండిల్ దూరంగా ఉంటే దాన్ని అందుకోవడానికి భుజాలు ముందుకి వంగుతాయి, మెడ పట్టేస్తుంది. వేగం పెరిగితే గాలి ఛాతీని వెనక్కి నెడుతుంది, చేతులతో హ్యాండిల్ పట్టుకుని వేలాడినట్టవుతుంది.

అతి మెత్తటి సీటు కూడా మంచిది కాదు. కూర్చోగానే హాయిగా ఉంటుంది. అరగంటకి స్పాంజి అణిగిపోయి తోకఎముక కింది గట్టి భాగానికి తగులుతుంది. కొంచెం గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటే చివరిదాకా ఆదుకుంటుంది.

మీకు కావలసింది ఫుట్‌రెస్టులు కాస్త మాత్రమే ముందుకున్న బండి. మోకాలు దాదాపు కుర్చీలో కూర్చున్నట్టు మడవాలి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి, ఏ శ్రమా లేకుండా నడుము నిటారుగా నిలవాలి. మీ వివరాల్లో లేదు కాబట్టి అడుగుతున్నాను. నొప్పి నడుము దగ్గరే ఆగుతోందా, పిర్ర మీదుగా కాలిలోకి దిగుతోందా? తిమ్మిర్లు ఉన్నాయా? ఉంటే బండి మార్చే ముందు డాక్టరుకి చూపించుకోండి.

చించినాడ_దారి | రాజోలు

కాలిలోకి దిగడం లేదండి, నడుము దగ్గరే. ఆదివారం బండి తీయకపోతే సోమవారం పొద్దున్నకి మామూలుగా ఉంటుంది. థాంక్సండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

రొయ్యల_రాజు | భీమవరం

నా దగ్గర సూపర్ మీటియర్ 650 ఉంది. రెండు సిలిండర్లు, 648 సీసీ. భీమవరం నుంచి విశాఖపట్నం వెళ్ళి దిగితే అలసటే తెలియదు. సీటు 740 మిల్లీమీటర్లు, ఎవరికైనా కాళ్ళు అందుతాయి.

ఇక రెండో సంగతి. బరువు 241 కిలోలు. చెరువుల గట్టు మీదకి తీసుకెళ్ళే మాటే లేదు, దానికి పాత స్ప్లెండర్ ఉంది. నేలకీ ఇంజనుకీ మధ్య ఖాళీ 135 మిల్లీమీటర్లే. మన ఊళ్ళల్లో ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు తెలుసుగా, ఇద్దరం ఎక్కితే ఒక్కొక్కదాన్నీ ఐమూలగా, మెల్లగా దాటించాలి. పంటు సంగతి మీరే ఎత్తారు. ఒకసారి సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు ఎక్కించబోయాను. బల్లలు తడిసి ఉన్నాయి. బండి సగం పైన, సగం కింద ఉండగా కాలు జారింది. పక్కనున్న నలుగురూ పట్టుకోబట్టి గోదాట్లో పడలేదు. ఆ తర్వాత ఎప్పుడెళ్ళినా చించినాడ వంతెన మీదుగానే.

మీ బడ్జెట్‌కి ఇది ఎలాగూ అందదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది కదా. 350 సీసీ లోపు బండ్లకి 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైన ఉన్నవాటికి 40 అయ్యింది. మీకు లాభం, నా బోటివాడికి చేతి చమురు వదలడం.

తణుకు_220 | తణుకు

రాజుగారూ, రొయ్య రేటు బాగున్నప్పుడు కొన్న బండి కదండీ, జీఎస్టీ గురించి మీకు బెంగేంటి.

రొయ్యల_రాజు | భీమవరం

రేటు పడ్డాక కూడా అమ్మలేదు, అది రాయండి.

వెనకసీటు | అమలాపురం

ఇంతసేపటి నుంచీ చదువుతున్నాను. అందరూ తోలేవాళ్ళ నడుము గురించే మాట్లాడుతున్నారు. వెనక కూర్చునే మనిషికి వెన్నెముక ఉండదా?

మా ఆయన ఒక బండి కొన్నారు, పేరు ఎందుకులెండి. ముందు సీటు విశాలంగా, వెనక సీటు అరచేతి వెడల్పున. పైగా ‘అందంగా లేదు’ అని చీర గార్డు పీకించేశారు. కొత్తపేట వెళ్తుంటే కొంగు చక్రం వైపు పోయింది, చూసుకుని లాక్కున్నాను కాబట్టి సరిపోయింది. మర్నాడే గార్డు మళ్ళీ బిగించాం. వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే చీర గార్డు, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే, 123వ రూలులో ఉంది. షోరూములో ‘ఎక్స్‌ట్రా యాక్సెసరీ’ అంటే ఒప్పుకోకండి.

ఆ వీపు దిండు సంగతి కూడా చెప్పాలి. రెండువైపులా కాళ్ళు వేసి కూర్చుంటే దానంత హాయి లేదు. ఒక పక్కకి కూర్చున్నప్పుడు అది వీపుకి ఆనదు, ఎడమ మోచేతికి తగులుతుంది. పట్టుకోవడానికి పనికొస్తుందేమో గానీ దాన్ని చూసి బండి కొనకండి. మీ ఆవిడని షోరూముకి తీసుకెళ్ళి చీరలోనే కూర్చోబెట్టండి. ఫుట్‌రెస్టు మీద పాదం పూర్తిగా ఆనుతోందా, గాల్లో వేలాడుతోందా చూడండి. వేలాడితే పది కిలోమీటర్లకే తొడ పట్టేస్తుంది.

ఇంకోటి. దూరం వెళ్ళేటప్పుడు చుడీదార్ వేసుకుని అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చోమనండి. నేను మొదట ఒప్పుకోలేదు. అత్తగారు ఏమంటారో అని. ఆవిడే ‘పడిపోవడం కంటే నయం కదే’ అన్నారు.

బుల్లెట్_బాబాయ్ | భీమవరం

అమ్మా, చాలా బాగా చెప్పావు. మా ఇంట్లో ఆవిడ ఈ టపా చదివి ‘ముప్పై ఏళ్ళుగా నేను చెప్తే వినలేదు’ అంటోంది.

సరే, సరదాకి బుల్లెట్ అన్నాను గానీ కుర్రాడికి అసలు సంగతి చెబుతాను. బుల్లెట్ 350 సీటు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. 5 అడుగుల 5 అంగుళాల మనిషికి మునివేళ్ళే అందుతాయి. తోలేటప్పుడు ఇబ్బంది ఉండదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఇసకలో ఆగినప్పుడు, వెనక మనిషి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఎన్‌ఫీల్డ్‌లోనే వెడల్పు సీటు, ఎత్తు హ్యాండిల్ కావాలన్నవాళ్ళకి 2002లో థండర్‌బర్డ్ వచ్చింది. దాని చోటులోకే 2020 నవంబరులో మీటియర్ వచ్చింది. 349 సీసీ, 20 హార్స్‌పవర్ చిల్లర, 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. ఈ అంకెలు చూసి కుర్రాళ్ళు పెదవి విరుస్తారు. ఆ టార్క్ ఇంజను నిమిషానికి 4000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గరే అందుతుంది కాబట్టి మాటిమాటికీ గేర్లు మార్చే బాధ ఉండదు. పాత బుల్లెట్‌లా చేతులు జలదరించవు. ఈ మాట పాత బుల్లెట్ వాణ్ణి నేనే చెబుతున్నాను.

మన్యం_మలుపు | రాజమహేంద్రవరం

మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద ఎవరైనా క్రూయిజర్ తోలారా? నాకు అనుభవం ఉంది. మలుపులో వాల్చగానే ముందు ఫుట్‌రెస్టు రోడ్డుకి గీసుకుంటుంది. భయపడక్కర్లేదు, అది ‘ఇక చాలు’ అని చెప్పడమే. పొడవైన బండి కాబట్టి మలుపు తీసుకోవడానికి చోటు ఎక్కువ కావాలి. అడిగినాయనకి ఘాట్లతో పనిలేదు గానీ కాలవ గట్ల మీద ఎల్ ఆకారం మలుపులున్నాయి కదా, అక్కడ ముందే వేగం తగ్గించుకోవాలి.

స్పానర్_మండపేట | మండపేట

మెకానిక్‌ని. ఏ కంపెనీ మీదా నాకు ప్రేమా లేదు, పగా లేదు.

మన జిల్లాల్లో బండికి అసలు శత్రువు ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి ఒకటి. చేపల లారీల నుంచి, రొయ్యల బళ్ళ నుంచి రోడ్డు మీద కారే నీళ్ళు రెండోది. పాలకొల్లు, భీమవరం దారిలో అది మీకు రోజూ తగిలేదే. క్రోము ఎక్కువున్న బండి షోరూములో మెరిసిపోతుంది. రెండో ఏడాది ఎగ్జాస్టు గొట్టం మీద, బోల్టు తలల మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు మొదలవుతాయి. స్పోకుల చక్రాలయితే స్పోకు రిమ్ములోకి దూరే చోట నిపుల్ దగ్గర తుప్పు పట్టి, ఒక్కొక్కటీ పట్టు వదులుతుంది. అందుకని మీకు అల్లాయ్ చక్రాలే మంచివి. ట్యూబ్‌లెస్ కాబట్టి మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, రాత్రి పూట వీరవాసరం దగ్గర బండి తోసుకుంటూ పోనక్కర్లేదు.

బీచికి వెళ్ళొచ్చాక అదే రోజు మంచినీళ్ళతో కడగండి. ప్రెషర్ వాటర్ వాడితే చక్రాల బేరింగుల మీద, చైను మీద తిన్నగా కొట్టకూడదు. చైనుకి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక చైన్ లూబ్ వేయాలి. పెట్రోలుతో కడిగితే లింకుల మధ్య ఉండే రబ్బరు ఓ-రింగులు పాడవుతాయి. వానాకాలంలో 500 కిలోమీటర్లకి ఒకసారి చైను చూసుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇప్పుడు నడుము సంగతికి వస్తాను. వెనక షాకబ్జార్లకి కింద మెట్లు మెట్లుగా తిప్పే కాలరు ఉంటుంది. మీటియర్‌కి ఆరు మెట్లు. టూల్ కిట్లో సి-స్పానర్ ఉంటే దానితో తిప్పొచ్చు. ఒక్కరే వెళ్ళేటప్పుడు మెత్తగా, ఇద్దరయితే ఒకటి రెండు మెట్లు గట్టిగా. నా దగ్గరకొచ్చే బండ్లలో ఆ కాలరు తిప్పినవి బహు తక్కువ, మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. నడుము నొప్పి అని సీటు కవర్ల కొట్టుకి వెళ్ళి జెల్లు, స్పాంజి అని రెండు మూడు వేలు పోస్తారు, ఈ పైసా ఖర్చు లేని పని చెయ్యరు.

చించినాడ_దారి | రాజోలు

అన్నా, ఇప్పుడున్న బండికి కూడా ఈ కాలరు ఉంటుందా?

స్పానర్_మండపేట | మండపేట

ఉంటుంది. రేపు పొద్దున్న చూడండి. గట్టి మెట్టులో ఉంటే రెండు తగ్గించి భీమవరం వెళ్ళి రండి. టైర్లలో గాలి కూడా చూసుకోండి. బంకుల్లో అడక్కపోతే రాయిలా నింపి పంపుతారు.

గట్టుదారి | ముమ్మిడివరం

రెండు సంగతులు వదిలేశాం.

ఒకటి బ్రేకులు. కోతలప్పుడు మన రోడ్లు సగం కళ్ళాలే. ధాన్యం ఆరబోసి, చుట్టూ అడ్డంగా రాళ్ళు, కొబ్బరి మట్టలు పెడతారు. రాత్రి బరకాలు కప్పేస్తే చీకట్లో రోడ్డులో కలిసిపోతుంది. గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారిపోవడమే. మీటియర్‌కి ముందూ వెనకా రెండింటికీ ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగిసిపోకుండా చూసే ఏర్పాటు) ఉంది, అవెంజర్‌కి ముందు చక్రానికే, వెనక డ్రమ్ బ్రేకు. తడి రోడ్డు మీద ఈ తేడా చిన్నది కాదు. గింజల మీద మాత్రం ఏ ఏబీఎస్సూ ఆదుకోదు, అక్కడికి చేరకముందే వేగం తగ్గాలి.

రెండోది గాలి అద్దం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ చేల పక్కన వెళ్తే పురుగులు మొహాన్ని కొడతాయి. అద్దం పెట్టించుకుంటే ఛాతీకి, మెడకి కొంత నయం. కానీ దాని పై అంచు మీ గడ్డం ఎత్తుకి వస్తే గాలి సుడి తిరిగి హెల్మెట్‌ని ఊపేస్తుంది, చెవుల్లో ఒకటే హోరు. మీ పొడుగు మనిషి కూర్చుని చూసి ఎంచుకోవాలి. అద్దం ఉంది కదా అని హెల్మెట్ వైజరు ఎత్తి తోలొద్దు.

పెసరట్టు_350 | పెద్దాపురం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. క్రూయిజరే కావాలా అని ఎవరూ అడగలేదు. హోండా హైనెస్ సీబీ350 సీటు 800, బరువు 181. టీవీఎస్ రోనిన్ సీటు 795, బరువు 160 కిలోలే, నేల నుంచి ఖాళీ 181 మిల్లీమీటర్లు. రెండింటి మీదా నిటారుగా కూర్చుంటాం, ఫిజియో మేడం చెప్పిన లెక్కకి సరిపోతాయి. గుంటల దగ్గర లేచి నిలబడొచ్చు కూడా.

తణుకు_220 | తణుకు

అతను బిర్యానీ అడిగితే నువ్వు పులిహోర ఆరోగ్యానికి మంచిదంటున్నావు. మోజు అన్నాడు కదా మొదటి టపాలోనే. 41 ఏళ్ళకి మనిషి తన కోసం కొనుక్కునే బండి అది. కాస్త మనసుకి నచ్చింది కొననివ్వండి.

కాకినాడ_ఫిజియో | కాకినాడ

ఇందులో నేను తణుకు గారి పక్షమే. నచ్చిన బండి అయితే దాని సర్దుబాట్లు ఓపిగ్గా చేసుకుంటారు, మధ్యలో పాలకొల్లులో ఆగి టీ తాగి రెండడుగులు నడుస్తారు. ఆ రెండడుగులే నడుముకి కావలసింది.

చించినాడ_దారి | రాజోలు

ఆలస్యానికి క్షమించండి, ఆఫీసులో ఆడిటింగ్ నడిచింది. జరిగింది చెబుతాను.

ముందు పాత బండి షాకబ్జారు తిప్పించాను. అంతా గట్టి మెట్టులోనే ఉంది. సగం బాధ అక్కడే తగ్గింది. ఇంట్లో ‘ఇక కొత్త బండి ఎందుకు’ అనే ప్రశ్న వచ్చింది. స్పానర్ అన్నా, నా కొంప ముంచావు.

ఒక షోరూములో టెస్ట్ రైడ్ అంటే పక్క పెట్రోల్ బంకు దాకా వెళ్ళి రమ్మన్నారు, అదీ వాళ్ళ కుర్రాడు వెనక కూర్చుంటాడట. నమస్కారం పెట్టి వచ్చేశాను. తర్వాత ఆఫీసులో ఒకాయన అవెంజర్, మా బావమరిది స్నేహితుడి మీటియర్ అడిగి తీసుకుని ఇద్దరం మా దారిలోనే తిరిగాం.

అవెంజర్ ఎక్కగానే దిగబుద్ధి కాలేదు. ఆ ఎత్తు నా కోసమే కొలిచి పెట్టినట్టుంది. తణుకు అన్నయ్య చెప్పినట్టు వెనక్కి తోయడం కూడా చాలా తేలిక. కానీ దిగమర్రు దాటాక ఆ అలల రోడ్డు మీద నాకు లేవడం అలవాటు. కాళ్ళు ముందుకుండి లేవలేకపోయాను. ఇది బండి తప్పు కాదు, నా దారి అలాంటిది. మీటియర్ మీద ఫుట్‌రెస్టులు అంత ముందుకి లేవు, పూర్తిగా నిలబడలేకపోయినా గుంట దగ్గర కొంచెం తేలగలిగాను. 765 మిల్లీమీటర్లే కాబట్టి పాదాలు రెండూ ఆనాయి. 191 కిలోలు మాత్రం ఇంటి గుమ్మం దగ్గర తెలిశాయి. సిమెంటుతో చిన్న వాలు కట్టించాలి. గేరుకి ముందూ వెనకా రెండు పెడళ్ళు ఉండడంతో బూటు పైభాగం చిరగదు, మడమతో నొక్కేయొచ్చు.

మా ఆవిడ తీర్పు వేరే. వెనకసీటు గారి టపా చదివి వినిపించాను. చీరలో కూర్చుని చూసింది, ఫుట్‌రెస్టు అందింది. తర్వాత ‘దూరం వెళ్ళేటప్పుడు చుడీదారే వేసుకుంటాలే’ అని తనే అంది. అడిగే ధైర్యం నాకు ఎలాగూ లేదు.

పంటు మీద 191 కిలోలు ఎక్కించడం గురించి రాజుగారి మాట గుర్తుంది. వరదప్పుడు పంటు ఎలాగూ ఆపేస్తారు. ఇకనుంచి ఎదుర్లంక, యానాం వంతెన మీదుగా చుట్టు తిరిగి ద్రాక్షారామం వెళ్ళాలని నిర్ణయం. కొంచెం దూరం ఎక్కువ, దానికేం.

మీటియర్‌కి అడ్వాన్స్ ఇచ్చాను. వెనకసీటు గారూ, చీర గార్డు బిల్లులో రాయించాను. పై ఖర్చు లేదన్నారు, మొదట ఉందన్నారు లెండి.

వెనకసీటు | అమలాపురం

శుభం. హెల్మెట్లు రెండు కొనండి, ఐఎస్‌ఐ గుర్తు చూసి. ఆవిడది ఆవిడే పెట్టుకుని చూసి ఎంచుకోవాలి, మీది మిగిలింది ఇవ్వడం కాదు.

బుల్లెట్_బాబాయ్ | భీమవరం

రంగు ఏది?

చించినాడ_దారి | రాజోలు

నలుపే బాబాయ్ గారూ, క్రోము తక్కువున్నది. స్పానర్ అన్న మాట మీద. అన్నా, డెలివరీ రోజు ఏమేం చూసుకోవాలి?

స్పానర్_మండపేట | మండపేట

పొద్దున్నే వెళ్ళండి, చీకటి పడ్డాక బండి తీసుకోవద్దు, గీతలు కనబడవు. ఇన్‌వాయిస్‌లో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో మీరే సరిచూడండి. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ముందు టైరుకీ వెనక టైరుకీ మరీ తేడా ఉంటే అడగండి. ఫోర్కు గొట్టాల మీద, షాకబ్జార్ల దగ్గర నూనె చెమ్మ ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. హారను, లైట్లు, రెండు తాళాలు సరేసరి.

షాకబ్జారు మెట్టు అక్కడే మీ ఇద్దరినీ కూర్చోబెట్టి సరి చేయించుకోండి. మొదటి సర్వీసు దాకా ఒకే వేగంలో గంటల కొద్దీ తోలొద్దు, పెంచుతూ తగ్గిస్తూ పోండి. భీమవరం దారిలో దానికోసం మీరు ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు, ఆ గేదెలూ ట్రాక్టర్లూ చూసుకుంటాయి.